అడుగునుంచి చదివే మనిషి

ఏ వెబ్‌సైటు తెరిచినా ముందు ఒక చిన్న పెట్టె అడ్డం వస్తుంది. కుకీలకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. అందరిలాగే నేనూ చదవకుండా ‘సరే’ నొక్కేదాన్ని. మొన్న యాంగన్‌లోని లత పేటలో నేను పనిచేసే స్టేషనరీ దుకాణం కోసం నోటుపుస్తకాల ధరలు వెతుకుతుంటే మళ్లీ ఆ పెట్టె వచ్చింది. వేలు దాని మీద ఆగిపోయింది. వెనక ఎవరో నిలబడి ముక్కుతో గట్టిగా గాలి పీల్చినట్టనిపించింది. ఎవరూ లేరు. ఆయన పోయి అప్పటికి ఒక వానాకాలం గడిచింది.

బర్మావాళ్లు పెద్దవాళ్లను పిలిచినట్టే ఇక్కడి తెలుగువాళ్లమందరం ఆయన్ని ఊజీ అనేవాళ్లం. పెద్దయ్య అని దానర్థం. పక్కపేట పబేడాన్‌లో ఆయనది పసుపు, ఎండుమిరప, ధనియాలు అమ్మే కొట్టు. వీధికి వీపు పెట్టి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఫోను మోగితే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊరుకునేవాడు. అవతలివాళ్లు ముందు మాట్లాడాలి. కొత్తవాళ్లు ‘హలో, హలో’ అని విసిగి పెట్టేసేవారు. టోకు సరుకు వస్తే తన కాటా మీద తూచేవాడు కాదు, మూడు కొట్ల అవతల బియ్యం కొట్టుకు మోయించుకుపోయి అక్కడ తూయించేవాడు. ఎందుకని అడిగితే, “నా కాటా నా మాటే ఇంటాది” అనేవాడు.

ఉత్తరమైనా, కరపత్రమైనా, పెళ్లి కార్డయినా అడుగునుంచి చదవడం ఆయన పద్ధతి. ముందు సంతకం, తరువాత చిరునామా, ఆ తరువాతే విషయం. “ఎవలు రాసినారో తెలిస్తే గదా, ఏటి రాసినారో తెలిసేది” అనేవాడు.

మా తెలుగు సంఘంవాళ్లు ఒక వెబ్‌సైటు ఉంటే బాగుంటుందనుకున్నారు. శ్రీకాకుళం వైపు ఊళ్లలోనూ గంజాంలోనూ ఉన్న చుట్టాలు మమ్మల్ని వెతుక్కోవడానికి అది పనికొస్తుందని వాళ్ల ఆలోచన. పని నాకప్పగించారు. నేను కంప్యూటర్ చదువు చదవలేదు. లతలో రెండో అంతస్తులో ఒక గదిలో నడిచే చిన్న గ్రంథాలయం ఉంది. వెబ్‌సైట్ల తయారీ గురించి అక్కడున్న నాలుగు పుస్తకాలూ నేను చదివాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, కరెంటు ఉండే వేళలు చూసుకుని, ఒక్కోదాన్ని రెండుసార్లు చదివాను. వాటిలోని మాటలన్నిటికీ ఒక నోటుపుస్తకంలో తెలుగులో అర్థాలు రాసుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది కానీ, యాంగన్‌లో ఆ పని చేసిన మొదటి తెలుగుదాన్ని నేనే అనుకునేదాన్ని.

సంఘంలో పెద్దవాడు కాబట్టి ముందు ఊజీ ఒప్పుకోవాలి. నేను నోటుపుస్తకం పట్టుకుని కొట్టుకు వెళ్లాను.

“ఇంటర్నెట్టంటే ఏటి, సెప్పు” అన్నాడు.

“లోకంలో కంప్యూటర్లన్నీ ఒకదాంతో ఒకటి మాటాడుకోవడం ఊజీ.”

“ఎవలి గురించి?”

ఆ ప్రశ్నకు నా పుస్తకాల్లో జవాబు లేదు. నేను ముందుకు పోయాను. “వెబ్‌సైటంటే మీ కొట్టు లాంటిదనుకోండి. డొమైన్ అంటే బోర్డు మీద పేరు. హోస్టింగ్ అంటే కొట్టు పెట్టుకోడానికి అద్దెకు తీసుకున్న గది.”

“గది ఎక్కడున్నాది?”

“సర్వర్లో. అంటే రాత్రీ పగలూ ఆరిపోకుండా ఉండే పెద్ద కంప్యూటర్.”

“అదెక్కడున్నాది?”

“సింగపూర్లో అనుకుంటాను.”

“అనుకుంటావా!” ధనియాల సంచీ మూతి కడుతున్నవాడు ఆగిపోయాడు. “సూడని గది అద్దెకి తీసీసుకుని, మన సామానంతా అందులో పెట్టీసి, తాళం ఎవలకాడున్నాదో తెలీకుండా ఇంటికొచ్చి తొంగుంటావా?”

“తాళం నాకాడే ఉంటాది. దాన్ని పాస్‌వర్డ్ అంటారు.”

“నీ ఒక్కదాని కాడేనా?”

గది అద్దెకిచ్చినవాళ్లు కావాలంటే లోపలికి రాగలరని మూడో పుస్తకంలో రాసి ఉంది. నేను ఆ సంగతి చెప్పలేదు. కుకీల గురించి చెప్పాను. మనం ఒక వెబ్‌సైటుకు వెళితే వాళ్లు మన ఫోనులో ఒక చీటీ పెడతారు, మళ్లీ వెళితే ఆ చీటీ చూసి మనల్ని గుర్తుపడతారు అన్నాను.

“మనింట్లో ఆల్లు చీటీ పెట్టీసి, పెడతామని మనకే సెప్తన్నారా?”

“సెప్పి, ఒప్పుకుంటారా అని అడుగుతారు.”

“ఒద్దను.”

“ఒద్దంటే వెబ్‌సైటు తెరుచుకోదేమో ఊజీ.”

“నువ్వెప్పుడైనా ఒద్దన్నావేటి?”

అనలేదు. ఆయన ఎదుటే మొదటిసారి ‘వద్దు’ నొక్కాను. వెబ్‌సైటు మామూలుగానే తెరుచుకుంది. నాలుగు పుస్తకాలు చదివిన నేను చేసి చూడని పనిని పసుపు కొట్టు ఆయన చేయించాడు. తరువాత ఫోను నా చేతిలోంచి తీసుకుని, పేజీని పైకి తోసుకుంటూ పోయి పోయి అడుగుకు చేరుకున్నాడు. అక్కడ చిరునామా లేదు. ఫోనును బోర్లా పెట్టేశాడు.

ఇక్కడ ఆయన డబ్బాల సంగతి చెప్పాలి. మా వాళ్ల ఇళ్లలో ఒక పెళ్లికి రెండు కార్డులు అచ్చువేస్తారు. ఒకటి తెలుగులో, ఇంటిపేరుతో, తాతల ఊరి పేరుతో, మనుషుల తెలుగు పేర్లతో ఉంటుంది. అది గుడికీ చుట్టాలకీ. రెండోది బర్మీస్‌లో, బడిలోనూ ఆఫీసులోనూ నడిచే బర్మా పేర్లతో ఉంటుంది. అది స్నేహితులకీ ఇరుగుపొరుగుకీ. నేను ఇంట్లో వరాలును, గ్రంథాలయంలో మ తందాను; బర్మీస్‌లో ఆడపిల్లల పేరు ముందు ‘మ’ చేరుస్తారు. రెండు పేర్లూ ఒక్క మనిషివే అయినా, ఆ కార్డులు విడివిడిగా చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఊజీ ప్రతి పెళ్లివీ రెండు కార్డులూ అడిగి తీసుకునేవాడు. రెంటినీ కలిపి గుండుసూది గుచ్చి బిస్కట్ల డబ్బాల్లో దాచేవాడు. రేపు ఎవరైనా వచ్చి ఫలానా ఊరి ఫలానా ఇంటిపేరువాళ్లు ఇక్కడున్నారా అని అడిగితే చెప్పడానికి అవే ఆధారం. అడిగినవాళ్లకు వెంటనే చెప్పేవాడు కాదు. వారం పాటు వాళ్ల గురించి వాకబు చేసి, అప్పుడు చెప్పేవాడు.

ఆ ఏడు వానలకు డబ్బాల్లోకి చెమ్మ దిగింది. కార్డుల అంచులకు బూజు పట్టింది. ఫొటోలు తీసి పైన పెడతానన్నాను.

“పైనంటే?”

“అప్‌లోడ్ చేస్తానూజీ. మన సర్వర్లో పెడితే చెమ్మ తగలదు.”

“అటక మీద పెట్టినట్టా?”

“అంతే” అన్నాను.

ఆ ఒక్క మాట నేను అనకుండా ఉండాల్సింది. చక్కని పోలిక దొరికింది కదా అని సంబరపడ్డాను. నోటుపుస్తకంలో కూడా రాసుకున్నాను. అటక మీదికి ఇంట్లోవాళ్లే, అదీ నిచ్చెన వేసుకునే ఎక్కుతారు. ఆయన ఒప్పుకున్నది దానికి. కార్డులు మూడేసి చొప్పున ఇచ్చేవాడు, ఫొటో తీసి తిరిగి ఇచ్చాక మరో మూడు. సూదులు ఆయనే తీసేవాడు, ఆయనే గుచ్చేవాడు.

పేజీ తయారు చేశాను. రెండు వరుసల పద్ధతి అప్పుడే నేర్చుకున్నాను. ఎడమ వరుసలో బర్మా కార్డు, కుడి వరుసలో తెలుగు కార్డు, పక్కపక్కనే చాలా అందంగా అమరాయి. బొమ్మ కనిపించనివాళ్ల కోసం ప్రతి బొమ్మ వెనకా దానిలో ఏముందో మాటల్లో రాయాలని, మంచి డిజైనరు అది మరిచిపోడని రెండో పుస్తకంలో ఉంది. నేను మరిచిపోలేదు. ప్రతి బొమ్మ వెనకా కార్డులో ఉన్న అందరి రెండు పేర్లూ, ఇంటిపేరూ, ఊరూ టైపు చేశాను. ఈ పేజీకి హోం పేజీ నుంచి లింకు మాత్రం ఇవ్వలేదు. లింకంటే దారి. దారి లేని చోటుకు ఎవరూ రారు. అందుకని తాళం కూడా వేయలేదు.

చూసి మెచ్చుకునేవాళ్లు లేకపోతే అందమైన పేజీ చేసి ఏం లాభం? దాని చిరునామాను గ్రంథాలయంలో నాతో చదువుకునే ముగ్గురికి పంపాను. వాళ్లు బాగుందన్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

మూడు వారాల తరువాత ఊజీ నా దుకాణానికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చినవాడు కాదు. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా మనవరాలి బర్మా పేరు ఇంటర్నెట్టులో వెతికించినాను. మన సంఘం పేజీ వొచ్చింది. ఎడంపక్క మ నిలా, కుడిపక్క పార్వతి.”

“అలా రాదూజీ. దానికి లింకే లేదు.” నా ఫోనులో తెరిచి చూపబోయాను.

“నీ ఫోను నీ మాటే ఇంటాది. నాను సెప్పుల కొట్టోడి ఫోన్లో సూసినాను.”

మా దుకాణంలో బేరమాడుతున్న ఒకావిడ ఫోను అడిగి తీసుకుని వెతికాను. మొదటి వరుసలోనే వచ్చింది. వాళ్లింటి పెళ్లి కార్డులో పిలిచేవాళ్ల పేర్లలో పార్వతి, ఇంటిపేరు, తాత ఊరు, ఆ పక్కనే మ నిలా. అన్నీ నేను టైపు చేసిన మాటలే.

ఆయన భయం నాకు తెలుసు. నిలా గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకుంది. ఎనిమిది రోజుల్లో ఆఫీసుకు పిలుపు ఉంది. ఫారంలో ‘మరో పేరు ఉందా’ అన్న చోట ‘లేదు’ అని రాయించింది ఊజీయే. మరో పేరుంటే మరో ప్రశ్న వస్తుందని, ప్రశ్నకు ప్రశ్న పుడుతుందని ఆయన లెక్క. ఇప్పుడు ఎవరైనా ఆ పిల్ల పేరు వెతికితే ఆమె అబద్ధం రాసిందని నా రెండు వరుసలు చెబుతాయి.

ఆయన్ని అక్కడే నిలబెట్టి పేజీ తీసేశాను. “అయిపోయిందూజీ. డిలీట్ చేసేశాను.”

ఆయన బయటకు వెళ్లి, అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. “పళ్ల బండివాడి ఫోన్లో ఇంకా ఉన్నాది.”

వెతికిపెట్టేవాళ్లు మన పేజీ నకలు ఒకటి తమ దగ్గర ఉంచుకుంటారని, దాన్ని తీసేయమని అర్జీ పెట్టుకోవాలని, కొన్నాళ్లు పడుతుందని చెప్పాను.

“మన సామాను మనం తీసీసినా ఆలకాడ ఉంటాదా?”

“కొన్నాళ్లు.”

“అటకన్నావు.”

అర్జీ పెట్టాను. అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు. వచ్చే దారిలోనే ఎవరి ఫోనులోనో చూసి వచ్చేవాడు. రోజుకో మనిషి, రోజుకో ఫోను. “ఉన్నాది” అనేసి వెళ్లిపోయేవాడు. నాలుగో రోజు మాత్రం ఆగాడు.

“దారి నేదన్నావు గదా. మరెలగొచ్చినారు? ఎవలికైనా సూపించినావా?”

“ఎవరికీ లేదు” అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. కొత్త వ్యాపారి తెచ్చిన పసుపును అరచేతిలో వేసుకుని సున్నం కలిపి చూస్తాడే, ఆ చూపు. అలా చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం నన్ను కొట్టుకు రమ్మన్నాడు. నిలా కూడా ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల, సగం బర్మీస్, సగం తెలుగు మాట్లాడుతుంది. ఆఫీసుకు వెళ్లవద్దని, ఆ నకలు చెరిగిపోయేదాకా జ్వరమని రాసి వాయిదా అడగమని ఊజీ ఆమెకు చెబుతున్నాడు.

“అమలే, తాతా!” అంది బర్మీస్‌లో, అమ్మో అన్నట్టు. “ఆరు నెలలాగి వొచ్చిన పిలుపు. జొరమంటే మళ్లీ ఆరు నెలలు!” అంటూ నా వైపు తిరిగింది. “అప్పా, ఇది సూడు” అని అక్కను పిలిచినట్టు పిలిచి తన ఫోను చూపించింది. గ్రంథాలయం స్నేహితురాలు నా పేజీ చిరునామాను అందరికీ కనిపించేలా పెట్టి, ‘మా మ తందా చేసిన అందమైన పేజీ’ అని రాసింది. పక్కన మూడు పువ్వుల గుర్తులు. దారి లేదన్న చోటుకు దారి అది. దాన్ని వేసింది నేను.

“నేనే పంపాను ఊజీ” అన్నాను. “ముగ్గురికి. నిన్న మీకు అబద్ధం చెప్పాను.”

“తెలుసు. ఎవలికైనా అని అడిగితే బేగి సెప్పీసినావు. గుర్తు తెచ్చుకునేవోల్లకి ఒక లిప్త పడతాది.”

“నిన్న గట్టిగా ఎందుకడగలేదు మరి?”

“రేపడుగుదునేటో.” మనవరాలికేసి తిరిగాడు. “సూసినావా? ఇలాటోల్లుంటారనే నాను దాసినాను.”

నిలా నవ్వింది. అది మంచి నవ్వు కాదు. “నువ్వు దాసినావు. ఈవిడ పెట్టీసింది. రెండూ నా పేర్లే. ఇద్దర్లో నన్నెవలడిగినారు తాతా?”

ఊజీ చేతిలో ఉన్న మిరపకాయ తొడిమ తెంపాడు. మరో కాయ తీసుకున్నాడు, దాని తొడిమ కూడా తెంపాడు.

“ఆల్లు సూసీలోగా నానే సెప్పీస్తాను” అంది నిలా. “మనింటి పెళ్లి కార్డులు రెండూ ఇవ్వు. పట్టుకెల్తాను.”

“అడగని మాట నువ్వే సెప్తావా?”

“ఫారంలో అడిగినారు. నువ్వే నేదని రాయించినావు.”

ఇచ్చాడు. పిలుపు రోజున ఆఫీసు ఎదుటి టీకొట్టులో మేమిద్దరం కూర్చున్నాం. తలుపు కనిపించేలా బల్ల జరిపించుకున్నాడు. రెండు గంటల పాటు లోపలికి వెళ్లిన ప్రతి మనిషినీ తలనుంచి కాళ్లదాకా, తిరిగి కాళ్లనుంచి తలదాకా చూశాడు. నిలా బయటకు వచ్చి చెప్పింది: ఇంకో కాగితం ఇచ్చారట, రెండో పేరు ఎందుకుందో రాసి సంతకం పెట్టమన్నారట, పెట్టింది.

“అంతేనా?” అన్నాడు.

“అంతే.”

“ఆల్లేటీ అననేదా?”

“పార్వతి అని పలకడానికి మూడుసార్లు తంటాలు పడినారు.”

“అంత సులువుగా ఒదలరు” అన్నాడు. కార్డు రావడానికి మరో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన ఆ మాటే అన్నాడు. కార్డు వచ్చాక దాన్ని తిప్పి, అడుగునుంచి చదివాడు. తప్పేమీ దొరకలేదు.

నేను మరిచిపోలేని సంగతి దీనికి మధ్యలో జరిగింది. నిలా ఆఫీసుకు వెళ్లొచ్చిన మర్నాడు ఊజీ డబ్బాలు రెండు సంచుల్లో వేసుకుని వచ్చి, “నడు” అన్నాడు. ఎక్కడికన్నాను. “ఎవలవి ఆలనడుగుదాం. ముందు నువ్వు సేసింది నువ్వు సెప్పు. ఆనక నాను అడుగుతాను.”

మొత్తం ఇరవై ఆరు ఇళ్లు. పబేడాన్‌లో తొమ్మిది, తక్కినవి నది వైపున్న చిమిండైంగ్ పేటలో. మూడు ఆదివారాలు తిరిగాం. ఆయన గుమ్మం లోపలికి వచ్చేవాడు కాదు. నేను చెప్పేదాన్ని: మీ రెండు పేర్లూ మిమ్మల్నడక్కుండా అందరికీ కనబడేలా పెట్టాను, తీసేశాను, కానీ ఎవరు చూశారో నాకు తెలియదు. సర్వర్, లింకు, అప్‌లోడ్ అనే మాటలు ఒక్కటీ వాడకుండా చెప్పడం అప్పుడు నేర్చుకున్నాను. ఏ పుస్తకమూ నాకు నేర్పని పాఠం అది. తరువాత ఊజీ అడిగేవాడు: “మీ కార్డులు నాకాడున్నాయి. ఉంచమంటారా, ఇచ్చీమంటారా?”

ఒకాయన రెండు కార్డులూ తీసుకుని మా ఎదుటే నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. ఊజీ అది సరైన పనే అన్నట్టు తలాడించాడు. ఒకావిడ తీసుకుని తలుపు వేసేసింది. చిమిండైంగ్ బజారులో ఎండుచేపలమ్మే అప్ప నన్ను పట్టుకుంది.

“ఊరందరివీ పెట్టీసినావు, నీ పెళ్లి కార్డు పెట్టుకోలేకపోనావేటే?”

“నాకు పెళ్లవలేదు అప్పా.”

“అదీ సంగతి! పనీ పాటా నేకపోతే ఇలాటి ఆలోసన్లే వొస్తాయి.” చేపలు కట్టిస్తూనే ఊజీకేసి చూసింది. “నాకిచ్చీసి ఏటి సేసుకోమంటావు? నీకాడే ఉండనీ.”

అలాగే అన్నారు చాలామంది. ఉంచు ఊజీ, నీకాడే ఉంచు. ఆ మాట విన్న ప్రతి గుమ్మం దగ్గరా ఆయన మొహం ఇంకొంచెం ముడుచుకుపోయింది. తీసుకున్నవాళ్ల దగ్గర మామూలుగా ఉండేవాడు, ఉంచమన్నవాళ్ల దగ్గర రెండోసారి అడిగేవాడు. కొందరి దగ్గర మూడోసారి కూడా అడిగాడు.

మూడో ఆదివారం అన్ని ఇళ్లూ అయ్యాక నది ఒడ్డున పీటల మీద కూర్చుని టీ చెప్పాం. ఊజీ సంచులను రెండు కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

“ఇరవై ముగ్గురు ఉంచమన్నారు” అన్నాడు.

“మంచిదే కదా ఊజీ.”

“ఏటి మంచిది? డబ్బా ఎక్కడ పెడతన్నావని ఒక్కలడిగినారా? తాళమున్నాదా అన్నారా? నువ్వు పోతే ఎవలు సూత్తారన్నారా? నలబై ఏళ్లుగా నాకాడున్నాయి. నాను ఎవలికి సూపించినానో ఒక్కలికీ తెల్దు. నువ్వు నయం, సింగపూరనైనా సెప్పినావు.” కప్పు పైకెత్తి, తాగకుండానే దించాడు. “నాను మంచోణ్ననీసి ఆలకెవలు సెప్పినారు? ఏటో ఉన్నాది ఇందులో.”

నేను నవ్వబోయి ఆగాను. ఆయన ఆటకు అనలేదు. ఆయన నిజంగా భయపడుతున్నాడు.

“ఇరవై అయిదిళ్లే అయినాయి” అన్నాడు కాసేపటికి. సంచీలో చెయ్యిపెట్టి ఒక జత కార్డులు తీశాడు. మా అమ్మా నాన్నలవి. నేను అంతకుముందు ఫొటో తీసినవే. అప్పుడు వరుసలు సరిగ్గా అమరాయా లేదా అనే చూశాను. మా అమ్మ బర్మా పేరు ఎంత చిన్న అక్షరాల్లో అచ్చువేశారో ఇప్పుడు చూశాను.

“మీ ఇంటికి ఇప్పుడు నువ్వే పెద్ద. ఉంచమంటావా, ఇచ్చీమంటావా?”

“ఉంచండి ఊజీ.”

కప్పు కింద పెట్టి, మనిషంతా నా వైపు తిరిగాడు. ఆ తిరగడంలో ఆయన వీపు వీధికి వచ్చింది. ఆయన గమనించలేదు.

“ఎందుకూ?” అన్నాడు.

సర్వరుకు, డొమైనుకు, లింకుకు అర్థాలు చెప్పినదాన్ని. దీనికి కూడా ఏదో ఒక పోలిక దొరుకుతుందని వెతికాను. నది మీద పడవలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆయన ఎదురుచూస్తున్నాడు.

“తెలీదు” అన్నాను.

ఊజీ తలూపి, కార్డులను సంచీలో పెట్టి, టీ తాగడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లుగా నేను ఆయనకు చెప్పిన జవాబుల్లో ఎదురు ప్రశ్న రానిది అదొక్కటే.